గుట్టలు, వాగులు, మైదానాలు ఎట్లా ఏర్పడినవి? – ఒక వెయ్యేండ్ల విచారణ

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



సైన్సుకు సంబంధించిన ఒక విషయాన్ని పిల్లలకూ పెద్దలకూ అర్థమయ్యేటట్లు చెప్పమని కార్యవర్గం వారు మమ్ములను కోరారు. చదువు అవసరాన్ని గురించి, స్కాలర్‌షిప్పులను గురించి మాకంటే బాగా చెప్పగల పెద్దలు ఈ వేదిక మీదనే ఉన్నారు. అందుచేత మేము మా పాఠము నుండే ఒక ముక్క తీసుకున్నాము. అది భూగోళ శాస్త్రము. మా ఉర్దూ మీడియం పిల్లలు దీనిని 'జుగ్రాఫియా' అంటారు. ఈ మాట గ్రీకు నుండి అరబ్బీలోకి, అక్కడి నుండి ఫార్సీ, ఉర్దూలలోకి వచ్చింది. మాట ప్రయాణం చేసినట్లే ఆ శాస్త్రంలోని ఆలోచనలు కూడా దేశాలు దాటినవి. మన చుట్టూ కనిపించే గుట్టలు, వాగులు, మైదానాలు ఎట్లా ఏర్పడినవి అనే ప్రశ్నకు మనిషి వెయ్యేండ్లుగా జవాబు ఎట్లా వెతికాడో ఈ పూట చెప్పుకుందాము.

వెయ్యేండ్ల కిందటి మాట. ఖ్వారిజం దేశంలో 973లో పుట్టిన అబూ రైహాన్ అల్ బీరూనీ హిందూస్థానానికి వచ్చి, సంస్కృతం నేర్చుకొని, ఇక్కడి శాస్త్రాలను చదివి, 1030 ప్రాంతంలో 'కితాబుల్ హింద్' అనే గ్రంథము వ్రాశాడు. అందులో ఉత్తరాది మైదానాన్ని గురించి ఒక చిన్న భాగము ఉంది. ఈ నేలను లోతుగా తవ్వితే గుండ్రని రాళ్ళు దొరుకుతాయి. పర్వతాలకు దగ్గర, నదులు ఉరకలు వేసే చోట అవి పెద్దవిగా ఉంటాయి. దూరం పోయినకొద్దీ చిన్నవవుతాయి. నది నెమ్మదించి సముద్రాన్ని సమీపించే చోట వట్టి ఇసుకే మిగులుతుంది. ఇది చూచి బీరూనీ ఏమన్నాడంటే, ఈ మైదానము ఒకప్పుడు సముద్రము, నదులు తెచ్చిన ఒండ్రుతో క్రమంగా పూడిపోయి నేలగా మారింది అని. సముద్రము సంగతిలో తరువాతి శాస్త్రజ్ఞులు కొన్ని సవరణలు చేశారు. కాని గంగా మైదానము హిమాలయాల నుండి నదులు మోసుకొచ్చిన మట్టితో నిండినదే అన్న అసలు మాట ఇప్పటికీ నిలిచి ఉంది. గమనించండి, ఆయన చేతిలో ఏ యంత్రమూ లేదు. రాయి ఎంత పెద్దదో, ఎక్కడ దొరికిందో చూచాడు, పోల్చాడు, అంతే.

ఆయన సమకాలికుడే ఇబ్నె సీనా. 980లో బుఖారా దగ్గర పుట్టాడు. మనవారిలో చాలామందికి హకీముగానే తెలుసు. ఆయన 'కితాబుష్షిఫా'లో పర్వతాలు రెండు విధాలుగా ఏర్పడగలవని వ్రాశాడు. ఒకటి, భూకంపాల వంటి బలాలతో నేల పైకి లేవడము. రెండవది, నీరు, గాలి మెత్తని భాగాన్ని తొలుచుకుపోగా గట్టి భాగము ఎత్తుగా మిగిలిపోవడము. ఇందుకు చాలా దీర్ఘకాలము పడుతుందని కూడా చెప్పాడు. చిన్నతనంలో జైహూన్ నది, అంటే ఆమూ దర్యా, ఒడ్డున జనము తల రుద్దుకునే మట్టిని చూచానని, సుమారు 23 సంవత్సరాల తరువాత అదే మట్టి మెత్తని రాయిగా మారి కనిపించిందని వ్రాశాడు. పిల్లలు చూసే మామూలు వస్తువునే శాస్త్రానికి సాక్ష్యముగా నిలిపిన మనిషి ఆయన.

ఇక్కడ ఒక విచిత్రము జరిగింది. 1200 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన ఆల్ఫ్రెడ్ అనే పండితుడు ఈ భాగాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. అది అరిస్టాటిల్ గ్రంథానికి చివర చేరింది. దానితో యూరపులోని విద్యార్థులు చాలాకాలము దానిని అరిస్టాటిల్ మాటగానే చదువుకున్నారు. వ్రాసినవాని పేరు పోయింది, ఆలోచన మాత్రం బతికింది.

ఈ మాట వినగానే కొందరు సోదరులు "చూశారా, అన్నీ మనవాళ్ళే ముందు కనిపెట్టారు" అని సంతోషించడము మామూలు. సంతోషించవచ్చు, తప్పు లేదు. కాని ఇబ్నె సీనా తరువాత కొద్ది కాలానికే చైనాలో షెన్ కువో అనే అధికారి కొండ అంచులో గవ్వల వరుసను చూచి, అది పాత సముద్రపు ఒడ్డు అనీ, నదుల ఒండ్రుతో నేల పెరిగిందనీ వ్రాశాడు. అంటే కళ్ళు తెరిచి చూచిన చోటల్లా ఈ జ్ఞానము పుట్టింది. అది ఏ ఒక్క జాతికీ జాగీరు కాదు. పైగా బీరూనీ, ఇబ్నె సీనా వేసిన ప్రశ్నను పట్టుకొని ముందుకు తీసుకుపోయినవారు మన దగ్గర తక్కువైనారు. ఆ పని తరువాత ఇతర దేశాలలో జరిగింది. తాతల పేరు చెప్పుకోవడము కంటే తాతలు చేసిన పని చేయడము ఎక్కువ మర్యాద అని మా అభిప్రాయము.

ఇక యూరపు సంగతి చూద్దాము. 1669లో స్టెనో అనే డెన్మార్కు దేశస్థుడు ఒక సులువైన సూత్రము చెప్పాడు. ఒకదాని మీద ఒకటి పేరుకున్న పొరలలో కింద ఉన్నది ముందుది, పైన ఉన్నది తరువాతది. ధాన్యపు బస్తాలు పేర్చినప్పుడు అడుగు బస్తాయే ముందు వేసినది కదా, అటువంటిదే. 18వ శతాబ్దములో జర్మనీలోని ఫ్రైబెర్గ్‌లో వెర్నర్ అనే ఆచార్యుడు, రాళ్ళన్నీ ఒకప్పుడు భూమినంతా కప్పిన సముద్రములో నుండే పేరుకున్నవి అని బోధించాడు. ఆయన శిష్యులు యూరపంతా ఉండేవారు.

ఆయనకు ఎదురు చెప్పినవాడు స్కాట్లండుకు చెందిన జేమ్స్ హట్టన్. వైద్యము చదివి, కొన్నేండ్లు సేద్యము చేసినవాడు. వర్షం పడినప్పుడల్లా పొలము మట్టి వాగులోకి కొట్టుకుపోవడము చూచాడు. ఇట్లాగే పోతూ ఉంటే భూమి మీద నేల అనేది మిగలకూడదు కదా, మరి కొత్త నేల ఎక్కడి నుండి వస్తున్నది అని ఆలోచించాడు. కొట్టుకుపోయిన మట్టి సముద్రము అడుగున పేరుకొని రాయి అవుతుంది, భూగర్భములోని వేడి దానిని తిరిగి పైకి ఎత్తుతుంది, మళ్ళీ అది అరుగుతుంది, ఇది అంతులేకుండా సాగే చక్రము అని 1785లో ఎడింబరోలో చదివి వినిపించాడు. 1788లో మిత్రులు ప్లేఫేర్, హాల్ లతో పడవలో పోయి సిక్కర్ పాయింట్ అనే సముద్రపు ఒడ్డును చూపించాడు. అక్కడ నిలువుగా నిలబడిన బూడిద రంగు పొరల మీద ఎర్రని ఇసుకరాతి పొరలు కొద్దిగా వాలి పరుచుకొని ఉన్నవి. కింది పొరలు సముద్రములో పేరుకొని, రాయి అయి, మడతలు పడి నిలువుగా లేచి, పైభాగము అరిగిపోయిన తరువాతనే పై పొరలు వచ్చి చేరినవి. రెండింటి మధ్య ఎంత కాలము గడిచి ఉండాలి! నేటి లెక్కల ప్రకారము కిందివి సుమారు 43.5 కోట్ల సంవత్సరాలవి, పైవి సుమారు 37 కోట్ల సంవత్సరాలవి.

అటువంటి చోటు చూడడానికి స్కాట్లండు దాకా పోనక్కరలేదు. తిరుపతి నుండి తిరుమల కొండకు పోయే ఘాట్ రోడ్డు పక్కన, అతి పురాతనమైన శిలల మీద కడప ప్రాంతపు పలుగురాతి పొరలు పరుచుకొని కనిపిస్తాయి. రెండింటికీ మధ్య కోట్ల సంవత్సరాల ఎడమున్నది. భారత భూగర్భ సర్వే సంస్థ దానిని జాతీయ భూగర్భ స్మారకముగా గుర్తించింది. రోజూ వేలమంది ఆ రోడ్డు మీద పోతూనే ఉంటారు.

హట్టన్ చనిపోయిన తరువాత 1802లో ప్లేఫేర్ ఆయన భావాలను సులువైన భాషలో వ్రాశాడు. లోయలు ముందే ఏర్పడి ఉండి నదులు వాటిలోకి వచ్చి చేరినవి అని అప్పట్లో చాలామంది అనుకునేవారు. అట్లా అయితే ఉపనది లోయ వచ్చి పెద్ద నది లోయలో సరిగ్గా అదే మట్టములో ఎట్లా కలుస్తుంది? చిన్న వాగుకు చిన్న లోయ, పెద్ద నదికి పెద్ద లోయ ఎందుకుంటుంది? కాబట్టి నదే తన లోయను తొలుచుకున్నది అని ఆయన వాదము. తరువాత చార్లెస్ లైయల్ 1830 నుండి 1833 వరకు మూడు సంపుటాలలో, నేడు మన కండ్ల ముందు పనిచేస్తున్న బలాలే పూర్వమూ పనిచేసినవి అని నిరూపించబూనాడు. డార్విన్ ఓడ ఎక్కినప్పుడు ఆ మొదటి సంపుటము వెంట తీసుకుపోయాడు.

అయితే అన్నింటినీ నీళ్ళే చేయలేదు. స్విట్జర్లాండులో ఇళ్ళంత బండరాళ్ళు వాటి జాతి కొండలకు ఎంతో దూరములో పడి ఉండేవి. పెర్రోడాఁ అనే కొండ వేటగాడు, పెద్ద చదువులు చదవనివాడు, పూర్వము మంచు నదులు ఇక్కడి దాకా ఉండేవి, అవే ఈ బండలను మోసుకొచ్చినవి అని 1815లోనే షార్పాంత్యే అనే గనుల అధికారికి చెప్పాడు. ఆయన మొదట నమ్మలేదు. తరువాత వెనెట్జ్ అనే ఇంజనీరు, ఆ పిమ్మట అదే అధికారి, చివరకు 1837లో అగాసీ అనే ఆచార్యుడు ఆ మాటనే శాస్త్ర సభలలో నిలబెట్టారు. మంచు యుగము అన్న భావము అట్లా వచ్చింది. గొర్రెలు కాసేవాడు, రాళ్ళు కొట్టేవాడు, బావులు తవ్వేవాడు చెప్పే మాటను తీసిపారవేయకూడదని ఇందులో మనకు పాఠమున్నది.

ఇప్పుడు మన పిల్లల పాఠ్యపుస్తకానికి వద్దాము. నదికి యవ్వన దశ, ప్రౌఢ దశ, వృద్ధ దశ అని మూడు దశలు చదువుతారు. ఈ వర్ణన అమెరికా ఆచార్యుడు విలియం మోరిస్ డేవిస్‌ది. అంతకుముందు 1869లో పావెల్ అనే ఆయన, యుద్ధములో ఒక చేయి పోగొట్టుకున్నవాడు, కొలరాడో నది మహా లోయలో పడవల మీద ప్రయాణించి, నేల పైకి లేస్తుండగా నది రంపములాగా తన దారిని కోసుకుంటూ పోయిందని చెప్పాడు. మన సింధు, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదులు హిమాలయాలను అడ్డముగా కోసుకొని రావడానికి కూడా ఇదే కారణముగా చెబుతారు. ఈ భావాలను కలిపి డేవిస్ 1889 నుండి 1899 లోగా తన చక్రమును రూపొందించాడు. నేల త్వరగా పైకి లేస్తుంది, తరువాత నదులు దానిని కోస్తాయి, చివరకు అంతా అరిగి దాదాపు చదునైన మైదానము మిగులుతుంది.

చెప్పడానికి ఇది ఎంతో అందముగా ఉంటుంది, అందుకే బడులలో నిలిచిపోయింది. కాని శాస్త్రము అక్కడ ఆగలేదు. జర్మనీకి చెందిన వాల్టర్ పెంక్ అనే యువకుడు, నేల లేవడమూ అరగడమూ ఒకేసారి జరుగుతాయి కదా, ముందు లేచి తరువాత కూర్చొని అరుగుతుందని ఎట్లా అంటారు అని అడిగాడు. ఆయన 35 ఏండ్లకే 1923లో చనిపోయాడు. గ్రంథము మరుసటి ఏడు అచ్చయింది. 1960లో హ్యాక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, గుట్ట ఎత్తు, లోయ వాలు అన్నవి వయస్సును కాక, రాతి గట్టితనానికీ నీటి బలానికీ మధ్య కుదిరిన తూకాన్ని చూపిస్తాయి అని వాదించాడు. మూడు దశలు తప్పని పిల్లలకు చెప్పనక్కరలేదు. పరీక్షలో వ్రాయవలసినదే. కాని ఇది ఒక మనిషి వేసిన ఊహ, దానిని ప్రశ్నించినవారున్నారు, రేపు మీరూ ప్రశ్నించవచ్చు అని ఒక్క మాట అదనంగా చెప్పాలి. బట్టీ పట్టడానికీ చదువుకోవడానికీ తేడా అక్కడే ఉంది.

అన్నీ నెమ్మదిగానే జరుగుతాయి అన్న లైయల్ మాటకు కూడా ఒక ఎదురుదెబ్బ తగిలింది. బ్రెట్జ్ అనే ఆయన మొదట సియాటిల్ నగరములో మాలాగే బడిపంతులు, తరువాత ఆచార్యుడైనాడు. వాషింగ్టన్ రాష్ట్రములో గట్టి నల్లరాతి నేల మీద లోతైన ఎండు కాలువలను పరిశీలించి, ఇవి ఒక మహా వరద కోసినవి అని 1923లో వ్రాశాడు. పెద్ద శాస్త్రజ్ఞులు హేళన చేశారు. 1927లో ఒక సభకు పిలిచి ఒకరి తరువాత ఒకరు ఖండించారు. ఆయన మాట మార్చుకోలేదు, మళ్ళీ మళ్ళీ పోయి ఇంకా సాక్ష్యము తెచ్చాడు. ఆ వరద నీరు ఎక్కడి నుండి వచ్చిందో పార్డీ అనే మరొకరు చూపించారు. మంచు యుగములో ఒక పెద్ద సరస్సుకు మంచుగడ్డే కట్టగా ఉండేది. ఆ కట్ట తెగినప్పుడల్లా నీళ్ళు విరుచుకుపడేవి. 1979లో అమెరికా భూగర్భ శాస్త్ర సంఘము బ్రెట్జ్‌కు తన అత్యున్నత పతకము ఇచ్చింది. అప్పటికి ఆయనకు తొంభై అయిదు ఏండ్లు దాటినవి.

కట్ట తెగడమంటే ఏమిటో హైదరాబాదు వారికి వేరే చెప్పనక్కరలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన తుగ్యానీ మాట మన ఇండ్లలో ముసలివారు చెప్పగా విన్నదే. పైన ఉన్న చెరువులు రెండు వందలకు మించి తెగి, ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా నగరము మీద పడినవి. వేలమంది ప్రాణాలు పోయినవి. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కినవారు బతికి బయటపడ్డారు. ఆ తరువాతనే విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు వచ్చినవి. నది వంద ఏండ్లు నెమ్మదిగా ఉంటుంది, ఒక్క రాత్రిలో వంద ఏండ్ల పని చేస్తుంది. రెండూ దాని స్వభావమే.

ఇక మన గుట్టల సంగతి. గోల్కొండ, మౌలాలి, బంజారాహిల్స్ ప్రాంతాలలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు ఉండే గుండ్లను ఎవరూ పేర్చలేదు, ఎక్కడి నుంచో దొర్లి రాలేదు. ఈ గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరాల కిందట భూమి లోపల చాలా లోతున గట్టిపడింది. పైనున్న నేల అరిగిపోయేకొద్దీ బరువు తగ్గి రాయికి పగుళ్ళు పడినవి. ఆ పగుళ్ళ గుండా నీరు దిగి, రాయిని మూలల నుండి మెత్తబరిచింది. అట్లా మెత్తబడినదే మనము ఇంటి పునాదిలో, రోడ్డు మీద పోసే మొరము. మధ్యలో గట్టిగా మిగిలినది గుండు. తరువాత వానలకు మొరము కొట్టుకుపోగా గుండ్లు ఉన్నచోటనే నిలిచినవి. ఇట్లా రెండు దశలుగా జరుగుతుందని 1955లో లింటన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తన దేశపు గుండ్లను చూచి వివరించాడు. మన గుండ్లకూ అది సరిపోతుంది. పునాది తవ్వేటప్పుడు మొరములో ఇంకా కూరుకొని ఉన్న గుండు కనిపిస్తే, పిల్లలను పిలిచి చూపించండి.

భూమి వయస్సు గురించి కూడా ఇట్లాగే వాదము నడిచింది. 1862లో కెల్విన్ ప్రభువు భూమి చల్లారే లెక్క వేసి 2 కోట్ల నుండి 40 కోట్ల ఏండ్ల మధ్య అన్నాడు. అణుధార్మికత తెలిసిన తరువాత ఆ లెక్క నిలవలేదు. 1956లో ప్యాటర్సన్ సుమారు 455 కోట్ల ఏండ్లని తేల్చాడు. ఖండాలు కదులుతాయని వెగెనర్ 1912లో చెబితే నవ్వినవారే, 1960 తరువాతి దశాబ్దములో ఒప్పుకున్నారు. మన భూభాగము ఉత్తరానికి కదిలి సుమారు 5 కోట్ల ఏండ్ల కిందట ఆసియాను తాకగా హిమాలయాలు లేచినవి. ఇంకా లేస్తూనే ఉన్నవి. 1980ల నుండి అంతరిక్ష కిరణాల వలన రాతిలో పుట్టే బెరీలియం పరమాణువులను లెక్కించి, ఒక బండ ఎంత వేగముతో అరుగుతున్నదో కూడా చెప్పగలుగుతున్నారు. ప్రపంచమంతటా తీసిన కొలతలలో బయటపడి ఉన్న బండ సగటున లక్ష ఏండ్లకు మీటరు కొంచెము మించి అరుగుతున్నది. అదే గుండును క్వారీలో మందుగుండు పెట్టి పగలగొట్టడానికి ఒక పూట చాలు.

ఇదంతా మనకెందుకు అని అడిగేవారికి మూడు మాటలు చెప్పి ముగిస్తాము.

మొదటిది, ప్లాటు కొనేముందు కాగితాలతో పాటు నేలను కూడా చదవండి. చెరువు శిఖము, నాలా దారి తక్కువ ధరకు వస్తాయి. కష్టపడి కూడబెట్టిన పైసలతో మన బస్తీలవారే ఎక్కువగా అక్కడ ఇల్లు కట్టుకుంటారు. నీరు తన పాత దారిని మరువదు. 2020 అక్టోబరులో హైదరాబాదులో వచ్చిన వరదలో అది చూచాము.

రెండవది, కృష్ణా గోదావరి డెల్టాలలో మన బంధువులున్నారు. ఆ నేల నదులు తెచ్చిన ఒండ్రు. ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోగా సముద్రము కొన్నిచోట్ల నేలను తింటున్నది. బీరూనీ చూచిన లెక్క అక్కడ తిరగబడుతున్నది. నీటి గురించి మాట్లాడే చోట మట్టి గురించి కూడా మాట్లాడాలి.

మూడవది పిల్లల సంగతి. పదవ తరగతి తరువాత మన ఉర్దూ మీడియం పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, సైన్సు మాకు రాదు అని వదిలేస్తున్నారు. భాష అడ్డమని అనుకుంటారు. బీరూనీకి అరబ్బీ నేర్చుకున్న భాషే, సంస్కృతమూ నేర్చుకున్న భాషే. సంఘము నడిపే సాయంత్రపు తరగతుల పిల్లలను నెలకు ఒక ఆదివారము దగ్గరి గుట్టకో, వాగుకో తీసుకుపోదాము. దానికి ల్యాబు అక్కరలేదు, ఒక టేపు, ఒక నోటుబుక్కు చాలు. వాగులో పై నుండి కిందికి నాలుగు చోట్ల రాళ్ళు ఏరి కొలవమందాము. ఎక్కడ పెద్దవి, ఎక్కడ చిన్నవి, ఎందుకు అని వారే అడుగుతారు. వెంట పోవడానికి మేము సిద్ధము. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు తోడు వస్తే చాలు, పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వగలరు.